బాగుచేయువాని ధర్మము

జంషెడ్‌పూరు ఇనుమును కరగించి బ్రదుకు పట్టణము. 1907లో స్థాపింపబడిన టాటా ఉక్కు కంపెనీ 1912 ఫిబ్రవరి 16న ఇచ్చట తన మొదటి ఉక్కు దిమ్మెను తయారుచేసెను. సాక్చి అని పిలువబడిన ఈ చోటు 1919లో జంషెడ్‌జీ టాటా పేరు ధరించెను. 1945లో ఏర్పడిన టెల్కో, 1954లో జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ కంపెనీ సహకారముతో ఇచ్చటనే లారీలు తయారుచేయ నారంభించెను. శ్రీకాకుళము, విశాఖపట్నము ప్రాంతముల నుండి పని వెదకుకొనుచు వెళ్లిన తెలుగు కుటుంబములు అనేకములు ఈ కర్మాగారముల చెంత స్థిరపడినవి. నాడు బీహారులో నుండిన ఈ పట్టణము 2000 నవంబరు 15 నుండి జార్ఖండ్ రాష్ట్రమునకు చెందినది.

ఇట్టి పట్టణములో పాత ఇనుము గతి యేమో వేరుగ చెప్పనక్కరలేదు. ఉక్కు తయారుచేయు కొలిమిలో కరగిన ఇనుముతో పాటు తుక్కును కూడ వేయుదురు. ఆ తుక్కులో నిన్నటి పట్టాలు, మొన్నటి యంత్రములు, ఒకప్పుడు ఒక కుటుంబమును పెండ్లికి మోసికొనిపోయిన కారు కూడ ఉండవచ్చును. కొలిమి ముందర కారునకు పేరు లేదు, చరిత్ర లేదు. బరువు మాత్రమే కలదు. ఇందులో తప్పేమియు లేదు. లోకమునకు క్రొత్త ఉక్కు కావలెను. పాతది కరగనిదే కొంత క్రొత్తది పుట్టదు.

అయినను ఇదే పట్టణములో ఇటీవలి సంవత్సరములలో పాత కార్ల, మోటారుసైకిళ్ల ఊరేగింపులు జరిగియున్నవి. కొలిమికి పోవలసిన వాటిని ఎవరో పట్టి నిలిపినందుననే అట్టి ఊరేగింపు సాధ్యమగును. ఆ పని చేయువారు తమ సాయంకాలములను, సెలవుదినములను షెడ్డులలో గడుపుదురు. టాపు వెనుకకు మడచుటకు వీలైన ఓపెన్ కారును బాగుచేయుటకు పూనుకొన్నవాని శ్రమ మరింత అధికము. ఈ శ్రమ ఒక ప్రశ్నను లేవదీయుచున్నది. చెడిపోయిన దానిని బాగుచేయుట అనగా నేమి? బాగుపడిన తరువాత అది మునుపటిదేనా? బాగుచేయువానికి దానిమీద ఎంతమట్టుకు అధికారము కలదు?

మొదట తుప్పు సంగతి చూడవలెను. తుప్పు ఉక్కుమీద పట్టిన మురికి కాదు. అది ఉక్కే మారిన రూపము. ఇనుము గాలిలోని ఆమ్లజనితోను తేమతోను కలిసి తుప్పగును. అల్యూమినియముపై ఏర్పడు పొర లోపలి లోహమును కాపాడును గాని, ఇనుప తుప్పు అట్లు కాపాడదు. అది ఉబ్బి, పెచ్చులుగా రాలి, లోపలి ఉక్కును మరల గాలికి అప్పగించును. కావున తుప్పును తుడిచివేయుట చాలదు. అది తినివేసిన మేరకు రేకును కోసి తీసి, మంచి రేకును వెల్డింగు చేయవలెను. తొందరపడువాడు ఇట్లు చేయడు. తుప్పు మీదనే పుట్టీ మెత్తి, గీకి, నున్నచేసి, రంగు వేయును. కారు మెరయును. ఒకటి రెండు వర్షకాలములు గడచిన పిమ్మట ఆ మెరుపు క్రింద పొక్కులు లేచును.

ఓపెన్ కారు విషయములో మరియొక చిక్కు కలదు. టాపు కారునకు నీడ మాత్రమే కాదు, బలము కూడ. మోరిస్ మైనర్ వంటి, విడిగా ఛాసిస్ లేని కారులలో టాపు లేనప్పుడు ఆ భారమును తలుపుల క్రిందనుండు ఉక్కు దూలములు భరించును. తడిసి తుప్పు పట్టునవియు ముఖ్యముగా అవియే. తెలియనివాడు వాటిని ఒక్కసారిగా కోసివేసిన యెడల బండి నడుము వంగును. వంగియుండగానే క్రొత్త ఉక్కును అతికించిన యెడల తలుపులు ఎన్నటికిని సరిగా మూతపడవు. పని తెలిసినవాడు ముందుగా తలుపు సందునకు అడ్డముగా ఇనుప కడ్డీలు బిగించి, కొంచెము కొంచెముగా కోయుచు, మాటిమాటికి తలుపు తగిలించి చూచుకొనుచు పోవును. చెడిన భాగమును తీయకముందే, మిగిలిన దానిని నిలువబెట్టవలెనన్నది ఈ పనిలోని మొదటి పాఠము.

ఇట్లు ఒక్కొక్క రేకు, ఒక్కొక్క బోల్టు మారిపోయిన తరువాత అది మునుపటి కారేనా? ఈ ప్రశ్న మోటారు కారుకంటె మిక్కిలి పాతది. ఏథెన్సువారు థీసియసు ఓడను తరతరములు కాపాడుచు, కుళ్లిన పలకలను తీసి క్రొత్తవి బిగించుచుండగా, అది అదే ఓడయా కాదా అని తత్త్వవేత్తలు వాదించుకొనిరని ప్లూటార్కు వ్రాసెను. 17వ శతాబ్దములో థామస్ హాబ్స్ దీనికి మరియొక ముడి వేసెను: తీసివేసిన పాత పలకల నన్నిటిని ఎవడైనను పోగుచేసి మరల ఓడగా కూర్చిన యెడల, రెంటిలో ఏది థీసియసు ఓడ? పాత కార్ల లోకములో ఇది పుస్తకపు ప్రశ్న మాత్రమే కాదు. ఒకే కారు ఛాసిస్ ఒకచోట, పైభాగము వేరొకచోట చేరినప్పుడు అదే తగవు పుట్టును.

1990లో ఇంగ్లండు హైకోర్టు ఎదుటికి ఇట్టి వ్యాజ్యమొకటి వచ్చెను. ‘ఓల్డ్ నంబర్ వన్’ అను బెంట్లీ కారు 1929లోను 1930లోను ఫ్రాన్సు దేశపు లే మాన్ పందెమును గెలిచినది. 1932లో బ్రూక్‌లాండ్స్ పందెములో దానిని నడుపుచుండిన క్లైవ్ డన్ఫీ ప్రమాదములో మరణించెను. పిమ్మట ఆ కారు మూసిన టాపుగల కారుగా మార్చబడెను. కాలక్రమమున దాని భాగములలో అధికభాగము మారిపోయెను. కోటి పౌండ్లకు బేరము కుదిరిన తరువాత, ఇది అసలు కారు కాదని కొనువారు వెనుకకు తీసిరి. న్యాయమూర్తి ఆటన్ సాక్ష్యములను విని, 1929 నాటి లోహము దానిలో కొంచెమే మిగిలియున్నను, తెగిపోని చరిత్ర గల కారు గనుక ఆ పేరునకు అదియే తగినదని తీర్పు చెప్పెను. ఒక వస్తువు గుర్తింపు దాని లోహములో మాత్రమే లేదు. ఎప్పుడు ఏది మారెనో, ఎందుకు మారెనో దాచకుండ చెప్పగల చరిత్రలో అది నిలిచియున్నది. ఆ కారు వెంట దాని గాయముల వృత్తాంతమంతయు బహిరంగముగా ఉండినందుననే తన పేరును నిలుపుకొనగలిగెను.

భారతదేశపు చట్టమును ఈ ప్రశ్నను తప్పించుకొనలేదు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము పాత వాహనములకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించెను. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరములు దాటి, అసలు రూపములో కాపాడబడుచు, ఛాసిస్, పైభాగము, ఇంజను గణనీయముగ మార్చబడని వాహనమునకు ‘వి.ఎ.’ అను అక్షరములుగల నంబరు లభించును. రిజిస్ట్రేషనునకు 20,000 రూపాయలు చెల్లింపవలెను. అది 10 సంవత్సరములు చెల్లును. అట్టి వాహనము ప్రదర్శనకును, ర్యాలీకిని, పరిశోధనకును, పెట్రోలు పోయించుకొనుటకును, మరమ్మతునకును రోడ్డుమీదికి రావచ్చును గాని నిత్యప్రయాణమునకు గాని వ్యాపారమునకు గాని పనికిరాదు. అసలు రూపము అను మాటను చట్టము ఎంచుకొనుటలోనే ఒక నీతి కలదు. గౌరవము మెరుపునకు గాక నిజమునకు చెందవలెనని దాని భావము.

నిజము ఎక్కడ తప్పిపోవునో హెరాల్డు కారు చక్కగా చూపించును. ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డును ఇటలీ దేశస్థుడగు మికెలొట్టి రూపొందించెను. మద్రాసులోని స్టాండర్డ్ కంపెనీ 1961 నుండి దానిని ‘స్టాండర్డ్ హెరాల్డు’గా తయారుచేసెను. దానికి విడి ఛాసిస్ కలదు. టాపు బోల్టులతో బిగింపబడియుండును. కావున టాపు విప్పివేసి ఓపెన్ కారుగా మార్చుట కష్టము కాదు. మన దేశములో అట్లు మార్చిన హెరాల్డులు ఉన్నవి. యజమాని “ఇది టాపుతో పుట్టిన కారు, తరువాత మార్చితిమి” అని చెప్పిన యెడల అతడు ఎవరికిని అన్యాయము చేయలేదు. “ఇది ఓపెన్ కారుగానే పుట్టినది” అని చెప్పి అమ్మిన యెడల, అదే బోల్టులు, అదే రేకు, అదే రంగు అబద్ధముగా మారును. చేతిపనిలో తేడా లేదు, మాటలో కలదు.

పాత కట్టడములను గూర్చి 1964లో వెనిస్ నగరమున కూడిన నిపుణులు ఒక ప్రణాళిక వ్రాసిరి. క్రొత్తగా చేర్చిన భాగము పాతదానితో పొందికగా ఉండవలెను గాని పాతదేనని భ్రమపెట్టకూడదనియు, సాక్ష్యము ముగిసి ఊహ మొదలగు చోట బాగుచేయువాడు చేయి నిలుపవలెననియు దాని సారాంశము. పాత వాహనముల అంతర్జాతీయ సమాఖ్య 2013లో వెలువరించిన ట్యూరిన్ ప్రణాళిక అదే మార్గమును అనుసరించినది. ఈ రెంటి వెనుక నున్న తలంపు ఒక్కటే: బాగుచేయువాడు కర్త కాడు, పరిచారకుడు. తాను కోరినట్టి కారును చేయుటకు గాక, తన చేతికి అప్పగింపబడిన కారును నిలుపుటకు పిలువబడినవాడు.

ఇచ్చట న్యాయమైన ఆక్షేపణ ఒకటి వచ్చును. తుప్పు తినివేయు ధనమును కూర్చుకొనవద్దని ప్రభువు కొండమీద బోధించెను గదా. తుప్పుతోనే పోరాడుటకు ఇంత కాలము, ఇంత ద్రవ్యము వెచ్చించుట తగునా? ఈ ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. ఇంటిలోని వారు మాటలాడుటకు ఎదురుచూచుచుండగా షెడ్డులో దాగుకొనువాడు ఆ కారును విగ్రహముగా చేసికొన్నవాడే. పిల్లల ఫీజు ఆగియుండగా దూరదేశము నుండి హెడ్‌లైటు తెప్పించువాని గూర్చి వేరుగ తీర్పు అక్కరలేదు. అయితే తుప్పును గూర్చిన ఆ బోధ హృదయము ఎక్కడ తగులుకొనియున్నదో ప్రశ్నించుచున్నది. చేతిపనిని నిందించుట లేదు. కారు మీద చూపిన ఓర్పు ఇంటిలోని మనిషిమీద కూడ కనబడుచున్నదా అన్నదే ఈ అభిరుచికి తగిన పరీక్ష.

ఈ పరీక్ష ఊరక కల్పించినది కాదు. క్రొత్త నిబంధన గ్రీకు మూలములో ‘కతార్తీజో’ అను క్రియ కలదు. యాకోబు, యోహానులు దోనెలో కూర్చుండి వలలు బాగుచేసికొనుచుండిరని సువార్తికుడు వ్రాసినచోట వాడిన క్రియ ఇదియే. గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయములో, తప్పిదములో చిక్కుకొనిన సహోదరుని సాత్వికముతో సరిచేయుడని పౌలు చెప్పినచోటను ఇదే క్రియ. తెలుగులో ఈ రెండు చోట్ల వేరు వేరు మాటలు వచ్చుటచే ఆ బంధుత్వము చదువరికి కనబడదు. చిరిగిన వలను పారవేయక, చిరుగును దాచక, ముడి ముడిగా అల్లు చేతులే పడిపోయిన మనిషికిని కావలెను.

పడిపోయిన వానిని గూర్చి సంఘములు సాధారణముగా రెండు మార్గములు ఎరుగును. ఒకటి కొలిమి: అతని పేరు, అతని పూర్వ సేవ, అతని కుటుంబము లెక్కకు రావు, తుక్కులో వేయుదురు. రెండవది పుట్టీ: పెద్దవాడు గనుక, కావలసినవాడు గనుక, జరిగినదానిమీద మెత్తి రంగు వేయుదురు. అన్యాయము పొందినవారి మొర ఆ రంగు క్రిందనే ఉండిపోవును. కొన్ని వర్షకాలముల తరువాత పొక్కి పైకి వచ్చును. మూడవ మార్గము కష్టమైనది. కుళ్లినదానిని కోసి తీయవలెను. కోయుటకు ముందు మిగిలిన జీవితము వంగిపోకుండ అడ్డుకడ్డీలు కట్టవలెను. తీసిన సంగతి దాచరాదు. అతనిని తమ ఇష్టమైన రూపములో పోతపోయుటకు చూడరాదు. దీనికి వారములు చాలవు, సంవత్సరములు పట్టవచ్చును. అన్యాయము పొందినవారు అడుగు ప్రతి ప్రశ్నకు ఆ కాలమంతయు జవాబు చెప్పుచుండవలెను.

మచ్చలేని పునరుద్ధరణయే పరిపూర్ణమని తలంచుట సహజము. అయితే మృతులలోనుండి లేచిన ప్రభువు తన శిష్యులకు కనబడినప్పుడు మేకుల గురుతులు ఆయన చేతులలో నుండెను. తోమా ఆయనను గుర్తించినది ఆ గురుతులను బట్టియే. మహిమ శరీరమే తన గాయముల వృత్తాంతమును దాచుకొనలేదు. కావున బాగుపడిన మనిషి తన అతుకును చూపి, “ఇక్కడ విరిగితిని, ఇక్కడ అతుకబడితిని” అని చెప్పుటకు సిగ్గుపడనక్కరలేదు. అట్లు చెప్పినవానిని మరల తుక్కు వైపు చూపక చేర్చుకొనుట సంఘము నేర్వవలసిన పని.