సాహసము – సంరక్షణము

ప్రాణాపాయమున్న చోటికి కోరి పోవుట ధైర్యమా, దుడుకుతనమా? భువనగిరి బండపై కొండలెక్కుట అభ్యసించిన మాలావత్ పూర్ణ, 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకయే టిబెట్టు వైపునుండి ఎవరెస్టు శిఖరము నధిరోహించెను. ఆమె తల్లిదండ్రులు నిజామాబాదు జిల్లాలోని వ్యవసాయకూలీలు. అంతకు ముందు నెలలో, ఏప్రిలు 18న, అదే పర్వతమునకు నేపాళము వైపున మంచుచరియ విరిగిపడి 16 మంది పనివారు మరణించిరి. కనుక పెద్దల భయము నిర్హేతుకము కాదు.

అయినను ఆ విద్య మొదట నేర్పునది త్రాటిముడిని పరీక్షించుట, గాలి మారినచో వెనుదిరుగుట. అది వివేకమే. ఆడుబిడ్డను ‘పడిపోదువు’ అని గడపలో నిలిపినచో పడుట తప్పును. నిలదొక్కుకొన నేర్చుటయు తప్పిపోవును. రక్షణమనగా త్రోవ మూయుట కాదు. త్రాడు గట్టిదో కాదో చూచుకొన నేర్పి పంపుట.