ఎవరి ఉప్పు?

ఉర్దూలో 'నమక్ హలాల్' అంటాం, తెలుగులో తిన్న ఉప్పుకి విశ్వాసం అంటాం. రాజ్యాంగం 102, 191 అధికరణాల్లో భయపడింది ఈ విశ్వాసానికే. ప్రభుత్వం కింద లాభం వచ్చే పదవిలో ఉన్నవాడు అదే ప్రభుత్వాన్ని సభలో నిలదీయలేడు కనక వాడు సభ్యుడిగా ఉండటానికి అనర్హుడు.

మరి ప్రభుత్వ మనిషి ఎవరు? విశాఖ ఉక్కులో ఫర్నేసు ముందు నిలబడేవాడా? హార్బరులో క్రేను నడిపేవాడా? ఉక్కు కంపెనీ కేంద్రానిదే. అయినా లెక్క అంత తేలిక కాదు. దీన్ని సుప్రీంకోర్టు తేల్చిన రెండు కేసుల్లో సభ్యత్వం పోబోయినవాళ్లు ముస్లింలు (కాకతాళీయమే). 1957లో రాజ్యసభకి ఎన్నికైన అబ్దుల్ షకూర్, అజ్మీర్ దర్గా కమిటీ నడిపే బడికి మేనేజరు. కమిటీని వేసేది కేంద్రం. కానీ ఆయన జీతం దర్గా నిధి నుంచి వచ్చేది. అనర్హత లేదన్నారు. రెండోది మనకి మరీ దగ్గర. భద్రావతి ఉక్కు కర్మాగారంలో సేఫ్టీ విభాగం సూపరింటెండెంటు అబ్దుల్ ఖుద్దూస్ అన్వర్. 1967లో మైసూరు శాసనసభకి గెలిచాడు. వాటాలు ప్రభుత్వానివైనా కంపెనీ ప్రభుత్వం కాదని 1969లో కోర్టు చెప్పింది. అదే ఉద్యోగి లంచం పుచ్చుకుంటే మాత్రం చట్టం దృష్టిలో పబ్లిక్ సర్వెంటే!

నాకు నచ్చింది కోర్టు వేసిన ప్రశ్నలు. ఎవరు నియమించారు, ఎవరు తీసెయ్యగలరు, జీతం ఎవరిస్తారు? అనుమానం కుర్చీ మీద, మనిషి మీద కాదు. కుర్చీకి రాజీనామా ఇచ్చి మర్నాడు నామినేషన్ వేసుకోవచ్చు. క్రికెట్ మ్యాచి రోజున మమ్మల్ని అడిగే 'ఎవరి ఉప్పు తింటున్నార్రా' అన్న ప్రశ్న అలాంటిది కాదు. అది పేరు చూసి అడుగుతుంది. పేరుకి రాజీనామా ఎవరికివ్వాలి?

మతం కారణంగా ఎవరూ ఉద్యోగానికి అనర్హులు కారని 16వ అధికరణం ఉంది కదా అంటారు సెక్యులర్ మిత్రులు. ఉంది. జనాభాలో 13.4 శాతమున్న ముస్లింలు ఐ.ఏ.ఎస్.లో 3 శాతమేనని 2006లో సచార్ కమిటీ కూడా రాసింది.

ఇక మనవాళ్ల సంగతి. ఏదో బోర్డు, ఏదో కార్పొరేషన్ కుర్చీ దొరకగానే అల్లర్ల మీద నోరు పడిపోయే నాయకులున్నారు. చట్టం చాలా కుర్చీలకి మినహాయింపు ఇచ్చింది, సభ్యత్వం పోదు. వాళ్లు ఓట్లకొచ్చినప్పుడు మన మొహల్లాలో ఎవరైనా ఆ మూడు ప్రశ్నలూ అడుగుతున్నారా?