ఎంతకు తెచ్చినవ్ బిడ్డా?

విదేశం నుంచి తెచ్చిన వస్తువు అమ్మ చేతిలో పెడితే, ఆ దేశం ఎట్లుందన్నది మొదటి ప్రశ్న కాదు. “ఎంతకు తెచ్చినవ్ బిడ్డా?” అన్నదే మొదటిది. మా దేవరకొండలోనే కాదు, నాకు తెలిసిన సాఫ్ట్‌వేర్ వాళ్ళందరి ఇళ్ళలోనూ ఇంతే. జవాబు కూడా దాదాపు అందరిదీ ఒకటే: అసలు ధరలో అయిదో వంతో, ఆరో వంతో చెప్పేస్తారు. దాన్ని ఎవరూ అబద్ధం అనుకోరు, ప్రేమ అనుకుంటారు. నిజంగా ప్రేమేనా, లేక ప్రేమ పేరుతో మనం చూసుకుంటున్న మన సౌకర్యమా?

ఈ ప్రశ్న ఇటలీ ప్రయాణంలో ఆఖరి రోజు నన్ను గట్టిగా పట్టుకుంది. పొద్దున ఫ్లోరెన్స్, రాత్రికి రోమ్, తెల్లారితే విమానం. ఆఖరి రోజు షాపింగ్ ఎట్లుంటుందో తెలిసిందే కదా. ఊరు చూడటం అయిపోతుంది, చేతిలో జాబితా మాత్రం మిగులుతుంది. ఆఫీసు వాళ్ళకు ఫ్రిజ్ మాగ్నెట్లు, పిల్లలకు పినోకియో బొమ్మలు, చెల్లెలికి వెనీస్‌లోనే కొన్న గాజుపూసల దండ. అమ్మకు మాత్రం శాన్ లొరెంజో దగ్గరి తోలు అంగళ్ళలో ఒక పర్సు. అరవై యూరోలు, అంటే మన లెక్కలో సుమారు అయిదున్నర వేలు.

దేవరకొండకు రైలు లేదు. రైలెక్కాలంటే నల్లగొండకో హైదరాబాదుకో బస్సులో పోవాలి. అందుకేనేమో, రైలంటే నాకు ఇప్పటికీ కిటికీ పక్క సీటే కావాలి. ఫ్లోరెన్స్ నుంచి రోమ్‌కు గంటన్నర ప్రయాణం. 1977లో మొదటి భాగం తెరిచిన ఈ లైను, యూరప్‌లో హైస్పీడ్ రైళ్ళకు దారి వేసిన వాటిలో ఒకటి. కానీ ఆ గంటన్నరలో సగం కిటికీ వైపు చూడనే లేదు. సీట్ల మధ్య బల్ల మీద సంచులు పరిచి, ధరల స్టిక్కర్లు పీకుతూ కూర్చున్నాం. “పర్సు ఎనిమిది వందలు అందామా?” అంది మా ఆవిడ. ఎనిమిదేళ్ళ మా పాప వెంటనే అడిగింది: “నానమ్మ నన్నడిగితే నేను కూడా అదే చెప్పాలా?”

అసలు చిక్కు అక్కడుంది. ఒకరు చెప్పే అబద్ధం నోట్లోంచి వచ్చి పోతుంది. ఇంటిల్లిపాదీ కలిసి చెప్పాల్సిన అబద్ధానికి మాత్రం శిక్షణ కావాలి. దానికోసం పిల్లను కూర్చోబెట్టి నేర్పాలి.

అబద్ధం వైపు వాదన బలహీనమైందేం కాదు. ధర తెలిస్తే అమ్మ ఆ పర్సు వాడదు. ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో చీరల కింద పెడుతుంది. ఎనిమిది వందలంటే సంతకూ పెళ్ళికీ పట్టుకుపోతుంది. వస్తువు వాడకంలోకి రావడమే మంచిదైతే, అబద్ధమే మంచి చేస్తోంది కదా? పైగా మనకు పాత సమర్థన కూడా ఉంది. భాగవతంలో వామనుడికి దానం ఇవ్వబోతున్న బలితో శుక్రాచార్యుడు చెప్పేది ఇదే: పెళ్ళి విషయంలో, ప్రాణానికో డబ్బుకో పరువుకో ముప్పొచ్చినప్పుడు బొంకినా తప్పులేదని. మనవాళ్ళకు ఈ సలహా బాగా గుర్తుంటుంది. బలి దాన్ని వినలేదన్న సంగతి మాత్రం అంతగా గుర్తుండదు. ఇచ్చేవాడు మాట మార్చకూడదన్నది అతని పట్టుదల.

1797లో కాంట్ రాసిన వ్యాసం ఇంకా కఠినం: స్నేహితుణ్ణి హంతకుడి నుంచి కాపాడటానికైనా అబద్ధం చెప్పకూడదంటాడు. నాకంత దూరం పోవాలని లేదు. పర్సు ధర దగ్గర హంతకులెవరూ లేరు. నా అభ్యంతరం వేరు. ఈ అబద్ధం కొడుక్కూ తల్లికీ మధ్య ఆగదు.

వెనీస్ పాలకులు అగ్నిప్రమాదాల భయంతో 1291లో గాజు బట్టీలను మురానో దీవికి పంపించారు. ఇవాళ అక్కడి పనివాళ్ళకు వేరే మంట అంటుకుంది: ఎక్కడో చవగ్గా తయారై వాళ్ళ పేరుతో అమ్ముడుపోయే సరుకు. అందుకే 1994లో వెనెతో ప్రాంతం అసలు మురానో గాజుకు ఒక ప్రత్యేక ముద్ర ఏర్పాటు చేసింది. ఇటలీ చట్టం నకిలీ బ్రాండ్ సరుకు కొన్నవాడికి కూడా జరిమానా వేస్తుంది, 300 నుంచి 7,000 యూరోల దాకా. అమ్మేవాడే కాదు, చవక ధరను నమ్మినట్టు నటించే కొనుగోలుదారు కూడా అందులో భాగస్వామి అని దాని అర్థం.

ఇప్పుడు మన దగ్గరికి రండి. ఒకప్పటి మా నల్లగొండ జిల్లాలోదే పోచంపల్లి. నూలును ముడులు కట్టి, రంగులద్ది, విప్పి, మళ్ళీ కట్టి, ఆ తర్వాతే మగ్గం ఎక్కిస్తారు. అదే డిజైను అచ్చు వేసిన బట్ట అంగట్లో అతి తక్కువకు దొరుకుతుంది. ఇటలీ నుంచి వచ్చిన తోలు పర్సే ఎనిమిది వందలని నమ్మిన అమ్మ, పోచంపల్లి పట్టుచీర ధర విని ఏమనుకోవాలి? మోసం అనుకుంటుంది. నేను ప్రేమతో తగ్గించిన ధర ఆమె కళ్ళలో నేతగాడిని దొంగను చేస్తుంది. చేతిపని విలువ ఎంతో తెలిసే అవకాశం నా చేతులారా తీసేసినట్టే.

ఇంకో సంగతి. కాశీ దారం తెచ్చిచ్చినా, తిరుపతి లడ్డు పెట్టినా ఎవరూ ధర అడగరు. 1200 నాటికే రోమ్‌లో యాత్రికులకు పీటర్, పాల్ బొమ్మలున్న సీసపు బిళ్ళలు అమ్మేవారు. వాటిని పోతపోసే హక్కు సెయింట్ పీటర్స్ చర్చి వాళ్ళదేనని మూడో ఇన్నొసెంట్ పోప్ ఖాయం చేశాడు. అంటే యాత్రలో వ్యాపారం ఎప్పుడూ ఉంది. అయినా ప్రసాదం అందరికీ ఒకటే, చిటికెడు. మన సంచిలోని వస్తువులకు మాత్రం అంతస్తులున్నాయి, ఎవరికెంత అన్న లెక్క ఉంది. కాబట్టి ధర అడగడం అమ్మ అమాయకత్వం కాదు. “నాకోసం ఎక్కువ ఖర్చు పెట్టినవా? నీ చేతిలో ఉన్నయా?” అన్నది ఆ ప్రశ్న లోపలి ప్రశ్న. దానికి తప్పుడు అంకె చెప్పడమంటే, కొడుకు బతుకెట్లుందో తెలుసుకునే దారి మూసేయడం.

స్టిక్కర్ పీకడంలో నాకు తప్పు కనిపించదు. కానుక మీద ధర అతికించి ఇవ్వం కదా. అడిగితే నవ్వి దాటేయొచ్చు కూడా. కానీ పట్టుబట్టి అడిగినప్పుడు వేరే అంకె చెప్పడం వేరు. పాపకు రైల్లో అదే చెప్పాను: “నానమ్మ అడిగితే ఉన్నదే చెప్పు.”

ఉన్నదే చెప్పింది. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “అయిదున్నర వేలా? మీ బాపు బతికున్నప్పుడు ఆ పైసలతోని ఇంట్లకు నెల సామాను వచ్చేది” అంది. పర్సు బీరువాలోకి పోయింది. అయినా ఎవరొచ్చినా తీసి చూపిస్తుంది, ధర కూడా చెబుతుంది. వాడాలా, దాచాలా అన్నది తీసుకున్నవాళ్ళ హక్కు. ఇచ్చేవాళ్ళు దాన్ని కూడా తామే నిర్ణయించాలనుకున్నప్పుడే అబద్ధం అవసరమవుతుంది.