మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోయే డబ్బు

ప్రభుత్వ ఉద్యోగి సర్వీసులో ఉండగా చనిపోతే భార్యకు రెండు రకాల డబ్బు వస్తుంది. ఒకటి బీమా, రెండోది కుటుంబ పెన్షన్. రెండూ ఒకే చావుకు వచ్చేవే. కానీ బీమా డబ్బు ఆమె చేతిలో పడ్డాక ఇక ఏమీ అడగదు. పెన్షన్ మాత్రం ఒక్క మాట అడుగుతూనే ఉంటుంది: మళ్లీ పెళ్లి చేసుకున్నావా? చేసుకుంటే అంతటితో బంద్. ఎందుకు బంద్ కావాలన్నదే నా ప్రశ్న.

మా వైపు మూడు ఊళ్లలో ఈ ప్రశ్నకు మూడు రూపాలున్నాయి. జగిత్యాలలో ఒక టీచర్ జీతంలోంచి నెలనెలా ప్రభుత్వ జీవిత బీమాకు కొంత కోస్తారు. నిజాం కాలంలో 1907లో ‘ఫ్యామిలీ పెన్షన్ ఫండ్’గా మొదలైన ఏర్పాటు అది. బీమా, పెన్షన్ అప్పుడు ఒకే పేరు కింద ఉండేవన్నమాట. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవాళ్లకు పాత పెన్షన్ లేకపోయినా, సర్వీసులో చనిపోతే కుటుంబ పెన్షన్ ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2021లో ఉత్తర్వు ఇచ్చింది. షరతు మాత్రం పాతదే.

కోరుట్లలో పీఎఫ్ ఉన్న కార్మికుడు పోతే, 1995 నాటి పెన్షన్ పథకం కింద భార్యకు కనీసం వెయ్యి రూపాయలు. దానితో ఇల్లు గడవదు కాబట్టి ఆమె బీడీలు చుడుతుంది. ఆ వెయ్యికీ అదే షరతు.

ఇక సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసేవాడికి ఇలాంటి పెన్షన్ లేదు. 2022లో వచ్చిన నేతన్న బీమా కింద అతని ఇంటికి ఐదు లక్షలు వస్తాయి. ఆమె ఎవరిని చేసుకున్నా ఆ డబ్బును ఎవరూ వెనక్కి అడగరు. ముగ్గురిలో అందరికంటే స్వేచ్ఛ ఉన్నది ఈమెకే. ఆ ఐదు లక్షలు అయిపోతే నెలనెలా చేతికి వచ్చేది ఏమీ లేనిదీ ఈమెకే.

షరతును సమర్థించేవాళ్లు చెప్పేది తేలిగ్గా తీసేసే మాట కాదు. పెన్షన్ అంటే పోయిన పోషణకు బదులు, కొత్త భర్త వచ్చాక ఆ అవసరం తీరింది కదా అంటారు. సరే. కానీ అదే భార్యకు పుట్టింటి నుంచి పదెకరాలు వచ్చినా పెన్షన్ ఆగదు. ఆమెకే పెద్ద ఉద్యోగం వచ్చినా ఆగదు. ఆగేది పెళ్లితోనే. అంటే ఇక్కడ చూస్తున్నది అవసరాన్ని కాదు, ఆమె ఎవరి మనిషి అన్నదాన్ని.

ఇది నా ఊహ కాదు. 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం పెళ్లికి అనుమతి ఇస్తూనే, మళ్లీ పెళ్లాడిన స్త్రీకి మొదటి భర్త ఆస్తిలో హక్కు, ఆమె చనిపోయినట్టే లెక్కగట్టి, పోతుందని రాసింది. 1881లో కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు అమల్లో ఉన్నదీ ఆ చట్టమే. 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక, భర్త నుంచి భార్యకు దక్కిన పొలం మళ్లీ పెళ్లి చేసుకున్నా పోదు. పొలం విషయంలో వదిలేసిన ఆలోచన పెన్షన్ ఫైల్లో బతికే ఉంది. సైనిక శౌర్య పతకాల భత్యం సంగతి ఇంకా స్పష్టం. 2017 దాకా, మళ్లీ పెళ్లాడిన వితంతువుకు అది కొనసాగాలంటే ఆమె భర్త సోదరుణ్ణే చేసుకోవాలి! పోషించే మగవాడు వచ్చినా ఫరవాలేదు, ఇల్లు దాటకపోతే చాలు.

పెన్షన్ ప్రభుత్వ దయ కాదని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అది చేసిన పనికి వచ్చే హక్కు. ఆ పని జరిగిన ఏళ్లలో ఇల్లు నడిపినది ఈమే. మరి ఆమె వాటా మీద షరతు ఎట్లా పెడతాం?

పిల్లల సంగతేంటని అడగొచ్చు. అత్తమామల సంగతేంటని కూడా. ఇది నిజమైన చిక్కు. బీమా డబ్బుతో కోడలు వెళ్లిపోతే ముసలివాళ్లు ఖాళీ ఇంట్లో మిగిలిపోవచ్చు. స్వేచ్ఛకు ధర ఉంటుంది, కొన్నిసార్లు ఆ ధర ఇంకొకరు కడతారు. అయితే దానికి మందు వాటాలు వేయడం. పిల్లలది పిల్లలకు, తల్లిదండ్రులది తల్లిదండ్రులకు, ఆమెది ఆమెకు. అందరి భారాన్నీ ఆమె ఒంటరితనం మీద మోపడం కాదు.

‘గా పైసలు గిట్ల పోయినంక ఈయన సూడకపోతే నేనేడికి పోవాలె?’ అని అడిగే ఆడమనిషికి మన దగ్గర జవాబు లేదు. రెండో పెళ్లి కూడా ఒక జూదమే. అందుకే కొందరు కలిసి బతుకుతారు, కాగితం మీద మాత్రం వితంతువులుగానే ఉంటారు. ఆ అబద్ధం వాళ్లది కాదు, వాళ్లచేత ఆడించే రూలుది.

కేంద్ర ఉద్యోగుల విషయంలో, పిల్లలు లేని వితంతువుకు మళ్లీ పెళ్లయ్యాక కూడా, ఆదాయ పరిమితికి లోబడి, కుటుంబ పెన్షన్ కొనసాగించే వీలు ఆరో వేతన సంఘం తర్వాత వచ్చింది. అంటే ఈ రూలు మార్చరానిదేమీ కాదు. మార్చాల్సింది ముందుగా మన చూపు: ఆ డబ్బు చచ్చిపోయినవాడికి ఆమె చూపే విశ్వాసానికి కూలీ కాదు.