రూక, మాట, బంగారము

1950 ప్రాంతమున ఒక భక్తుడు తన కష్టార్జితమునుండి వేయి రూపాయలు తీసి, తన తండ్రి శివైక్యమైన దినమున ఏటేట ఆ వడ్డీతో దాసోహము జరుగవలెనని కోరి, మఠమునకు శాశ్వతనిధిగా సమర్పించెననుకొందము. ఆనాడు పది గ్రాముల బంగారము వెల సుమారు 100 రూపాయలు. అతడిచ్చినది నూరు గ్రాముల బంగారమన్నమాట. 2024లో పది గ్రాముల వెల 70,000 రూపాయలను మించినది. ఆ వేయి రూపాయలు బ్యాంకులో ఒక్క పైసయు తరుగక నిలిచియున్నను, వానితో లభించునది కంసాలి త్రాసులో ఇంచుమించు ఒక గురివింద గింజ ఎత్తు బంగారము. బియ్యముతో కొలిచినచో నష్టము కొంత తక్కువగా కనబడును గాని, అప్పుడును పంక్తి నిండదు. దాత లోభింపలేదు, మఠాధిపతి అపహరింపలేదు, బ్యాంకు లెక్క తప్పలేదు. అయినను దాసోహము ఆగిపోయినది. ఆ అన్నమును హరించినదెవరు?

రిజర్వు బ్యాంకు ప్రతి నోటుపైనను, దానిని తెచ్చినవానికి ఆ మొత్తము చెల్లింతునని గవర్నరు చేవ్రాలుతో ఒక వాగ్దానముండును. ఆ వాగ్దానమును పట్టుకొని పోయినవానికి దక్కునది మరియొక నోటు, లేదా చిల్లర నాణెములు. 1934 నాటి చట్టము ప్రకారము నోట్ల మొత్తమునకు ఐదింట రెండు వంతులు బంగారముగను, విదేశీ ఋణపత్రములుగను నిలువ ఉండవలసియుండెను. 1956లో ఆ నిష్పత్తిని తొలగించిరి. 1957 సవరణతో 200 కోట్ల రూపాయల నిలువ, అందు 115 కోట్ల విలువగల బంగారము ఉన్న చాలునని నిర్ణయించిరి. 2024 నాటికి చెలామణిలోని నోట్లు 30 లక్షల కోట్లను మించినవి. బ్యాంకు వద్ద వాస్తవముగా 800 టన్నులకు పైబడి బంగారమున్నది. అది దాని దూరదృష్టికి తార్కాణము, చట్టపు నిర్బంధము మాత్రము కాదు.

ఈ సందర్భమున తుగ్లక్‌ను స్మరింపక తప్పదు. 1330 ప్రాంతమున, ఓరుగల్లు అతని ఏలుబడిలో నున్నకాలముననే, మహమ్మద్ బిన్ తుగ్లక్ రాగి, ఇత్తడి నాణెములు వెండి టంకముల విలువకు చెల్లవలెనని శాసించెను. వెంటనే దొంగనాణెములు పుట్టలుగా పుట్టినవి. ఇంటింట టంకశాల వెలసినదన్నట్లు నాటి చరిత్రకారుడు బరనీ వర్ణించెను. అప్పుడు సుల్తాను ఆ నాణెములను రద్దుచేసి, తెచ్చినవారికెల్ల భాండాగారమునుండి వెండి బంగారములు చెల్లించెను. ఖజానా గుల్లయైనది. పిచ్చి తుగ్లక్ అని లోకము నేటికిని నవ్వును. కాని ఆ పిచ్చివాడు ఇచ్చిన మాటను తన సొమ్ముతో నిలుపుకొనెను.

ఒక ఔన్సు బంగారమునకు 35 డాలర్లని 1944లో బ్రెటన్ వుడ్స్‌లో కుదిరిన ఏర్పాటు ప్రకారము అన్యదేశ ప్రభుత్వములకు అమెరికా ఇచ్చిన మాటను, 1971 ఆగస్టు 15న అధ్యక్షుడు నిక్సన్ నిలిపివేసెను. అది తాత్కాలికమని చెప్పెను. ఆ తాత్కాలికము నేటికిని ముగియలేదు. ఇతనిని పిచ్చివాడని ఎవరును అనలేదు.

మాట తప్పినపుడు నష్టపోవునదెవరో 1923లో జర్మనీ చూపెను. మొదటి ప్రపంచయుద్ధమునకు ముందు ఒక డాలరు 4.2 మార్కులు, 1923 నవంబరునాటికి 4.2 లక్షల కోట్ల మార్కులు. అప్పు చేసినవాడు బయటపడెను. అప్పులవారిలో అగ్రగణ్యము ప్రభుత్వమే; యుద్ధకాలమున అది ప్రజలనుండి తెచ్చిన ఋణము చిత్తుకాగితములతో తీరిపోయినది. పింఛనుపై బ్రదుకు వృద్ధులు, వితంతువులు, ధర్మనిధులు మునిగినవి. పన్ను వేయవలెనన్న సభలో చర్చ జరుగవలెను. నోటు అచ్చువేయుటకు ఎవరి ఇంటి తలుపును తట్టనక్కరలేదు.

బసవపురాణమున బసవేశ్వరునిపై బిజ్జలునికి కొండెములు చెప్పిన ఘట్టము ఎల్లరెరిగినదే. భాండారమును జంగములకు దోచిపెట్టెనని నింద. లెక్కించి చూడగా ధనము తక్కువ కాలేదు. మహిమ మాట అటుంచి, ఆ నింద నిజమో అబద్ధమో తేల్చుటకు పెట్టె తెరచి లెక్కింపదగిన వస్తువొకటి అందుండెను. కాగితపు రూకకు అట్టి పెట్టె లేదు. బంగారమునకు గల గొప్పతనము దాని మెరుపున లేదు. కలముతో దానిని సృష్టింప నలవికాకపోవుటయందే ఉన్నది.

అట్లని బంగారమును దైవముగా నిలుపుటయు తగదు. 1925లో బ్రిటన్ యుద్ధపూర్వపు రేటుకే పౌనును బంగారమునకు ముడివేయగా, ఆ బరువు కూలివారి జీతములపై పడినది. 1931లో ఆ ముడిని విప్పుకొనక తప్పలేదు. 1933లో అమెరికా ప్రభుత్వము పౌరుల బంగారమునే స్వాధీనపరచుకొని, మరుసటి యేట ఔన్సు వెలను 20.67 డాలర్లనుండి 35కు పెంచెను. మన దేశమున 1963 నాటి బంగారు నియంత్రణ ఎందరో కంసాలుల కుంపట్లను ఆర్పినది. పాలకుడు తెగించినచో కంచెను సైతము పీకివేయగలడు. అయినను కంచె ఉన్న చేను వేరు, లేని చేను వేరు. 1991లో విదేశీ మారకము అడుగంటినపుడు, మన దేశము మాటను నమ్మనివారు మన బంగారమును నమ్మిరి. దాదాపు 47 టన్నులు ఇంగ్లండు, జపాను కేంద్రబ్యాంకుల వద్ద తాకట్టుపడి అప్పు పుట్టించినది.

పూర్వులు శాసనములయందు దానములను మాడలలో, గద్యాణములలో, పుట్ల ధాన్యములో, మర్తుర్ల భూమిలో వ్రాయించిరి. నేడు శాశ్వతనిధి పత్రము వ్రాయించు దాతలు, ఎన్ని రూపాయలని మాత్రమే గాక, ఎందరికి భోజనమో, ఎన్ని కిలోల బియ్యమో కూడ వ్రాయించుట మేలు. వడ్డీ అంతయు ఖర్చుచేయక, ధరలు పెరిగిన మేరకు ఏటేట కొంత అసలులో కలుపవలెనని మఠముల లెక్కలు చూచువారు నియమము చేసికొనుట మరింత మేలు.