మరల తెరచిన హార్మోనియము

మనస్సు క్రుంగి అనేక మాసములు ఇల్లు కదలక, ఇప్పుడిప్పుడే తేరుకొనుచున్న సహోదరి యొకరు మమ్మును ఒక ప్రశ్న అడిగిరి. పెండ్లికి పూర్వము ఆమె హార్మోనియము చక్కగా వాయించెడివారు. తరువాత అది గుడ్డ కప్పుకొని మూలనుండెను. "బైబిలు తెరచినచో ఒక్క వచనమైనను మనస్సున నిలుచుట లేదయ్యగారూ, హార్మోనియము ముందు కూర్చున్నచో గంట తెలియకుండ గడచుచున్నది. ఇది పాపమా?" అనిరి. వాయించుచున్నవి కీర్తనలు కూడ కావట, చిన్ననాడు నేర్చిన సరళీ స్వరములట!

వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ప్రార్థనకు చెందని ముచ్చటలను సోమరితనమునకు చుట్టములుగా ఎంచుచు పెరిగినవారము మనలో అనేకులము. ఇంటికి వచ్చిన పిదప విలియం కౌపరు మాకు జ్ఞాపకము వచ్చెను.

1731లో ఇంగ్లండున జన్మించిన ఈ కవి, ఓల్నీ అను చిన్న పట్టణములో జాన్ న్యూటన్ గారి పొరుగున కాపురముండి, ఆయనతో కూడ కీర్తనలు వ్రాసెను. అవి 1779లో అచ్చయినవి. అయితే 1773లోనే ఘోరమైన మనోవ్యాధి అతని నావరించెను. దేవుడు తన్ను శాశ్వతముగా విడిచెనని నమ్మి, ఆ మీదట దేవాలయములో ఆరాధనకు పోకుండెను. ప్రార్థించుట కూడ తనకు తగదని తలంచెను. అట్టివానికి 1774లో పొరుగువారు ఒక కుందేటి పిల్లను ఇచ్చిరి. త్వరలో అవి మూడాయెను: పుస్, టైనీ, బెస్. (పేర్లలో రెండు ఆడుపేర్లయినను మూడును మగవే!) వాటికి గూళ్లు చేయుటకై అతడు వడ్రంగపు పనిముట్లు పట్టెను. పిదప తోటపని, దోసపాదులు, మొక్కలకు గాజుపలకల యిల్లు, కొంతకాలము బొమ్మలు గీయుట. మనస్సును అలయింపక పట్టియుంచు పని ఏదైనను అప్పుడు తనకు చాలునని అతడే తరువాత వ్రాసెను. 1780 చలికాలములో, అతనిని తల్లివలె చూచుకొనుచున్న మేరీ అన్విన్ అమ్మగారు, విడిచిన కవిత్వమును మరల పట్టుమని ప్రేరేపించిరి. 1785లో 'ది టాస్క్' అను పెద్ద కావ్యము వెలువడెను. కుందేటి గూటినుండి కావ్యమువరకు పది సంవత్సరములకు పైగా పట్టెను సుమా.

1 రాజులు 19వ అధ్యాయములో ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరినప్పుడు దూత అతనికి ప్రసంగము చేయలేదు. అప్పమును నీళ్లును పెట్టెను, మరల పండుకొననిచ్చెను, మరల లేపి తినుమనెను. "ఇక్కడ నీకేమి పని" అను ప్రశ్న హోరేబులో, నలువది దినముల ప్రయాణము తరువాత వచ్చినది. మన పరామర్శలు ఈ క్రమమును తలక్రిందులు చేయుచున్నవి. మంచము ప్రక్కన కూర్చుండగానే "విశ్వాసము చాలలేదమ్మా" అందుము. కాలు విరిగినవానితో అట్లనము గదా!

హార్మోనియమే వైద్యమని మేము చెప్పుట లేదు. కౌపరు రోగము పూర్తిగా కుదురలేదు. 1800లో అతడు ఆ నిరాశలోనే కన్నుమూసెను. అతని కాలమున లేని మందులు నేడు కలవు, వైద్యులు కలరు. క్రుంగుబాటు వ్యాధియే గనుక వారియొద్దకు పోవుటకు సిగ్గుపడనక్కరలేదు. రోగిని చిన్నచిన్న పనులకు మరలించుట ఆ చికిత్సలోనే ఒక భాగమైయున్నది. అయితే ఆ పనికి విలువ మందుగా మాత్రమేనా? మాకు అసలు చిక్కు ఇదియే. సౌలు యెదుట దావీదు ఏ కీర్తన వాయించెనో గ్రంథము చెప్పలేదు. వాయించెననియు, సౌలు సేదదీరెననియు మాత్రమే చెప్పినది. కౌపరు గూడు కట్టుచున్నంతసేపు తన నాశనమును మరచి మరియొక ప్రాణి ఆకలిని తలంచెను. అది ప్రార్థన కాదని మేము అనలేము. ప్రార్థనయే అని తొందరపడి పేరు పెట్టనులేము. దేవుడు దానిని తృణీకరించెనని మాత్రము నమ్మజాలము.

మరుసటి వారము ఆ సహోదరి ఇంటికి పోయినప్పుడు ఈ సంగతులేవియు చెప్పలేదు. వాయించుమంటిమి. తిత్తి చినిగి గాలి పోవుచున్నది, రెండు మెట్లు పలుకుటయే లేదు. దానిని బాగుచేయువాడెవడైన కలడేమోనని ఆమె భర్త విచారించుచున్నారు.