రంగు ఆరువరకు

చదువవలసిన భాగము: లేవీయకాండము 14:33–53



ఈ నెల ధ్యానమునకు మేము ఎన్నుకొనిన భాగముమీద మన గుడులలో ప్రసంగము వినినవారు బహు కొద్దిమంది. కుష్ఠును గూర్చిన ధర్మములకు చివర, ఇంటి గోడలకు పట్టిన పొడను గూర్చిన విధి యొకటి యున్నది. అక్కడికి వచ్చునప్పటికి చాలమందికి నిద్ర వచ్చును, లేదా పుటలు త్రిప్పివేయుదురు. మేమును అట్లే చేయుచుంటిమి. 2023వ సంవత్సరము నవంబరులో కర్నూలులో ఒక మోటారుబండ్ల షెడ్డులో నిలువబడిన దినమున ఆ అధ్యాయము మాకు బలముగా జ్ఞాపకము వచ్చెను. అది ఎట్లో చెప్పెదము.

మా పాస్టరేటులో 9 గ్రామములున్నవి. బనగానపల్లెకును జమ్మలమడుగునకును నడుమ నల్లరేగడి దారులు. వాన పడిన చక్రము కూరుకొనును, ఎండ కాసిన ధూళి కన్ను తెరువనీయదు. ప్రాణముమీదికి వచ్చినప్పుడు 108 బండి వచ్చును గాని, వారమునకు రెండు మూడుమారులు డయాలసిస్‌కు పోవలసిన ముసలివారి సంగతి యేమి? ఇందునిమిత్తము సంఘమువారు నాలుగు సంవత్సరములు పిడికెడు బియ్యము, కోడిగ్రుడ్ల సొమ్ము, శనగలు అమ్మిన దశమభాగము కూడబెట్టి, తక్కువైనదానికి బ్యాంకులో అప్పు తీసికొని, ఏడుగురు కూర్చుండు క్రొత్త కారు ఒకటి కొనుటకు తీర్మానించిరి. ఆ యేడు వానలు తప్పినవి. మన కర్నూలు సీమలో అనేక మండలములను ప్రభుత్వము కరువు మండలములుగా ప్రకటించిన యేడు అది. అట్టి యేట వచ్చిన ప్రతి రూపాయి బరువు ఎంతో పల్లెవారికి మేము చెప్పనక్కరలేదు.

అంగడివారు పదునైదు దినములలో బండి ఇచ్చెదమనిరి. పంట పండుగ ఆదివారమున దానిని గుడి ముందు నిలిపి ప్రార్థన చేయుదమని 9 గ్రామములకును చెప్పిపంపితిమి. పదునైదు దినములు గడచెను. అడిగితిమి. బండ్లను మోసికొని వచ్చు పెద్ద లారీ రాలేదనిరి. మరల అడిగితిమి. లారీ వచ్చినది, కాగితములు కాలేదనిరి. మూడవమారు అడిగినప్పుడు పై ఆఫీసునుండి సెలవు రావలెననిరి. ఈలోగా 5వ తేదీ వచ్చెను, బ్యాంకువారు మొదటి కంతు కోసికొనిరి. బండి లేదు, కంతు మాత్రము పోయెను.

మన పితరుల దినములలో కారు కావలెనన్న సంవత్సరములకొలది కాచుకొనవలసి యుండెను. 1950, 60లలో అంబాసిడరుకో ఫియెట్‌కో పేరు వ్రాయించి, పిల్లవాడు బడికి పోవువరకు ఎదురు చూచినవారు కలరు. ఆ కాలమున బండ్లే తక్కువ గనుక అట్లుండెను. ఇప్పుడు బండ్లకు కొదువలేదు. మన రాయలసీమలోనే పెనుకొండ సమీపమున ఎర్రమంచివద్ద 2019 నుండి కియా కార్లు తయారగుచున్నవి. (మేము కొనినది అక్కడి బండి కాదు.) కాబట్టి ఆలస్యమునకు వేరొక కారణముండవలెనని పల్లెలో జనులు అనుకొనుటలో ఆశ్చర్యమేమియు లేదు. ఆ కారణమును వారు మా కోశాధికారియందు కనుగొనిరి.

ఆయన ఉద్యోగము విరమించిన పంతులుగారు. లెక్కలో ఒక్క రూపాయి తేడా వచ్చిన రాత్రి నిద్రపోనివాడు. సొమ్ము కట్టనేలేదట, వడ్డీకి త్రిప్పుచున్నాడట అని బోరింగుకాడ మొదలైన మాట మూడు దినములలో 9 గ్రామములు తిరిగెను. రసీదు మేము కన్నులార చూచియుంటిమి. అయినను, ఎవరో మా యెదుట ఆ మాట యెత్తినప్పుడు, ‘బండి వచ్చిన తరువాత అందరికీ తెలియును లెండి’ అని ఊరకుంటిమి. తప్పు మాటను తప్పు అని అనలేదు. ఇది జ్ఞాపకముంచుకొనుడి.

చివరకు మేమే కర్నూలు వెళ్లితిమి. ముందరి గాజుల గదిలో చల్లని నీళ్లిచ్చి కూర్చుండబెట్టిరి. ఎంతసేపటికిని ఎవరును రాకపోగా లేచి భవనము వెనుకకు నడిచితిమి. అక్కడ రేకుల షెడ్డులో మా బండి యున్నది. ఎడమ ప్రక్క వెనుక తలుపు, దాని ప్రక్కనున్న రేకు, రంగంతయు గీకివేయబడి బూడిదవర్ణముగా నుండెను. లారీనుండి దింపునప్పుడు ప్రక్క కమ్మికి ఒరసికొని రేకు నొక్కుకొని పోయినదట. మూడువారములు మాకు చెప్పిన కథలలో ఈ సంగతి ఒక్కమారును రాలేదు.

పని చేయుచున్న మేస్త్రీ పెద్దవయసు ముసల్మాను. మమ్మును చూచి దాచుటకు ప్రయత్నింపలేదు. ముక్కాలిపీట ఒకటి జరిపి, పని చేయుచునే సంగతంతయు చెప్పెను. కారు పుట్టినచోట దాని ఒడలికి వేయు రంగు వేరు. వట్టి రేకుబొందిగా నున్నప్పుడే దానిని కడిగి, తుప్పు పట్టకుండ మందునీటిలో ముంచి, తరువాత రంగుతొట్టిలో ముంచి విద్యుత్తు పారించి రంగు పట్టింతురు. దానిని సుమారు 170 డిగ్రీల వేడిలో కాల్చుదురు. పైపూతలను సుమారు 140 డిగ్రీలలో కాల్చుదురు. ఇన్ని పూతలు కలిసినను మొత్తము మందము ఇంచుమించు రెండు తలవెండ్రుకలంతే. అయితే టైర్లు, తీగెలు, సీట్లు అన్నియు బిగించిన బండిని అంత వేడిలో పెట్టిన కరిగిపోవును. గనుక షెడ్డులో 60 డిగ్రీలకు మించి వేడి చేయరు. ఆ తక్కువను కాలముతో తీర్చవలెను. టింకరింగు చేసి రేకును సమము చేయవలెను, లప్పము పెట్టవలెను, ఆరనీయవలెను, ఉప్పుకాగితముతో రుద్దవలెను, ప్రైమరు కొట్టవలెను, మరల రుద్దవలెను, అప్పుడు రంగు, దానిమీద మెరుపు పూత. మన సీమ గాలిలో ధూళి ఎక్కువ గనుక ఒక రేణువు పడిన మరల రుద్దవలెను. పాత రంగుకు క్రొత్త రంగు కలియుట అన్నిటికంటె కష్టమట.

ఇంతయు విని మేము ఏమంటిమో వ్రాయుటకు సిగ్గగుచున్నది. ‘ఏదో పైన రంగు వేసి శనివారమునకు ఇచ్చివేయండి, ఆదివారము మా పండుగ’ అంటిమి. మోసపోయితిమని కోపముతో పోయిన మేము, ఐదు నిమిషములలో ఆ మోసములో పాలుపంచుకొనుటకు సిద్ధపడితిమి.

మేస్త్రీ తల యెత్తకుండనే అనెను: “ఇయ్యమంటే ఇస్తానయ్యా. చూసేటోళ్లకు తెలీదు. లోపల లప్పం ఇంకా పచ్చిగా ఉండాది. రెండు ఎండాకాలాలు పోతే పొక్కుతాది. అప్పుడు నన్ను తిట్టుకోవద్దు, అంతే.”

అప్పుడే ఆ అధ్యాయము మాకు జ్ఞాపకము వచ్చినది. అందులో మొదట జరుగునదేమి? ఇంటి యజమానుడు తానే యాజకునియొద్దకు వచ్చి తన యింట పొడవంటిది కనబడినదని చెప్పవలెను. ప్రక్కింటివాడు కాదు, బాటసారి కాదు, ఆ ఇంటివాడే. తన ఇల్లు చెడినదని తన నోట చెప్పుకొనుట ఎంత కష్టము! తరువాత ఇల్లు ఖాళీ చేయవలెను. యాజకుడు వచ్చి, పొడ గోడపైననే ఉన్నదా, గోడకంటె లోతుగా దిగినదా అని చూచును. చూచి వెంటనే తీర్పు చెప్పడు. ఏడు దినములు ఇల్లు మూసిపెట్టించును. ఆ ఏడు దినములు ఆ ఇంటివారు ఎవరి పంచన ఉండిరో, పిల్లలకు ఎక్కడ వండిపెట్టిరో లేఖనము చెప్పలేదు గాని, వీధిలోని వారందరు ఆ మూసిన తలుపును చూచియుందురు. ఏడవ దినమున పొడ వ్యాపించియుండిన ఆ రాళ్లు ఊడదీసి ఊరి వెలుపల పారవేయించి, లోపలి గోడలు చుట్టు గీకించి, వేరే రాళ్లు పెట్టి వేరే అడుసు పూయింతురు. పూసిన తరువాత కూడ యాజకుడు మరల వచ్చి చూడవలెను. ఇంత పని, ఇన్ని దినములు ఒక్క గోడకు! రంగు మార్చి పూసివేయుమని మోషే ఎక్కడను చెప్పలేదు. అట్లు పూసినవారి గోడకు వడగండ్లవాన వచ్చినప్పుడు ఏమైనదో యెహెజ్కేలు 13వ అధ్యాయములో చదువుకొనుడి.

ఇది మన కర్నూలుకే వచ్చిన సంగతి కాదు. 1990లో అమెరికాలోని అలబామా రాష్ట్రములో ఒక వైద్యుడు 40 వేల డాలర్లకు పైబడిన వెలకు క్రొత్త బి.ఎం.డబ్ల్యు. కారు కొనెను. తొమ్మిది నెలలు నడిపి, ఇంకను మెరుగు పెట్టింపవలెనని ఒక పనివానియొద్దకు తీసికొనిపోగా, దీనికి మరల రంగు వేసిరని అతడు కనిపెట్టెను. ఓడ ప్రయాణములో ఆమ్లపు వాన తగిలి రంగు చెడగా, కంపెనీవారు సుమారు 600 డాలర్లతో బాగుచేయించి క్రొత్తదిగా అమ్మిరి. మరమ్మతు ఖర్చు వెలలో నూటికి 3 పాళ్లు దాటనియెడల ఎవరికిని చెప్పనక్కరలేదని వారు నియమము పెట్టుకొనియుండిరి. అమ్మిన అంగడివానికి కూడ తెలియదు! జ్యూరీవారు నష్టమునకు 4,000 డాలర్లు, శిక్షగా 40 లక్షల డాలర్లు వేసిరి. రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము ఆ శిక్షను సగము చేసెను. 1996లో దేశపు సుప్రీం కోర్టు అదియును మితిమీరినదనగా, చివరకు 50,000 డాలర్లకు తగ్గినది. మన దేశములో గోవాలో ఒకడు 2011లో క్రొత్త కారుకు సొమ్ము కట్టగా, 2009లో తయారై అంతకుముందే 622 కిలోమీటర్లు తిరిగిన బండిని అతనికి అంటగట్టిన వ్యాజ్యము మన సుప్రీం కోర్టువరకు పోయి 2021 ఫిబ్రవరిలో తీరినది. తయారీదారుని విడిచిపెట్టి, అమ్మిన అంగడినే బాధ్యునిగా నిలిపిరి.

ఆ నూటికి 3 పాళ్ల నియమము మా మనస్సును విడువకున్నది. చిన్నది గనుక చెప్పనక్కరలేదు. బాగుచేసితిమి గనుక చెప్పనక్కరలేదు. అడుగలేదు గనుక చెప్పనక్కరలేదు. సంబంధములు కలుపుకొనునప్పుడు పిల్లకున్న మూర్ఛరోగమును, పిల్లవానికున్న అప్పును ఇదే కొలతతో దాచు క్రైస్తవ గృహములు మేమెరుగనివి కావు. సంఘపు లెక్కల పుస్తకములోను ఈ 3 పాళ్లు అప్పుడప్పుడు కనబడును.

బండి కొనువారికి ఒక మాట. కుండను తట్టి కొందుము గదా. బేతంచెర్ల బండను తట్టి మ్రోత విని కొందుము గదా. కారును కూడ పగటి వెలుగులో, చుట్టు తిరిగి, తట్టి చూడుడి. లప్పము మందముగా నున్నచోట రేకు మ్రోత మొద్దుగా నుండును. రంగు మందము కొలుచు చిన్న యంత్రము కూడ కలదు. మరల రంగు వేసిన చోట్లు ఉన్నవా అని సూటిగా అడిగి, ఉన్నయెడల బిల్లుమీద వ్రాయించుకొనుడి. చూచుకొనువరకు మిగిలిన సొమ్ము కట్టవద్దు. న్యాయము జరుగనియెడల 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమిషనులో అర్జీ పెట్టవచ్చును. అయితే ఒకటి: నిజము చెప్పి, పది దినములు ఆగుమన్న అంగడివానిమీద కేకలు వేయకుడి. మనము వేయు కేకలకు భయపడియే వారు లారీ కథలు చెప్పుదురేమో అని మాకు అనుమానము.

మేము మేస్త్రీతో, నీకు తృప్తియైనప్పుడే ఇమ్మని చెప్పి వచ్చితిమి. పంట పండుగ బండి లేకుండనే జరిగెను. కానుకల వేలము ముగిసిన తరువాత మేము లేచి, బండి యెక్కడ నున్నదో, ఎందుకు ఆగినదో, రసీదు ఏ తేదీదో చెప్పితిమి. మేము మేస్త్రీతో అనిన మాటయు, పంతులుగారి పేరు చెడుచుండగా నోరు మూసికొనియుండిన సంగతియు చెప్పితిమి. గుడిలో చాలసేపు ఎవరును మాటలాడలేదు. స్త్రీలలో ఒక ముసలమ్మ లేచి, “బోరింగుకాడ అన్నెది నేనే అయ్యా” అని కూర్చుండెను. మరి ఇద్దరు ముగ్గురు తల వంచుకొనిరి.

పదునొకండవ దినమున బండి వచ్చినది. ఎడమ వెనుక తలుపుకు మరల రంగు వేయబడినదని బిల్లుమీద వ్రాయించితిమి. సాయంకాలపు నీరెండలో నిలిపి చూచిన ఆ తలుపు వర్ణము ఇప్పటికిని ఇసుమంత వేరుగా తోచును. రెండు ఎండాకాలములు గడచినవి, పొక్కలేదు.

పంతులుగారు మాత్రము ఆ పండుగ మరునాడే పెట్టె తాళపుచెవులు, లెక్కల పుస్తకము మా యింట అప్పగించి వెళ్లిరి. ఆరాధనకు వచ్చుచున్నారు, వెనుకవరుసలో కూర్చుందురు. మేము నాలుగుమారులు వారి యింటికి వెళ్లితిమి. మొదటి రెండుమారులు గడపలోనే మాటలాడి పంపిరి. మూడవమారు మంచము వాల్చిరి. క్రిందటి నెల పోయినప్పుడు టీ ఇచ్చి, పుస్తకములో 2022 నాటి కూడిక ఒకటి తప్పుగా నున్నదని జ్ఞాపకము, తెచ్చి చూపుమనిరి.